డ్రమ్ము మూత కింద కాకి

మా పక్కింటి పెయింటరు పోయాడని మా అత్త ఫోన్ చేసినప్పుడు నేను రూపనగుడి బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను.

"ఎవరి తలమీద కాకి తన్నింది?" అన్నాను.

"లేదు మే, నిజంగానే పోయినాడు. ఒట్టు," అంది.

చావు వార్తల్లో మా అత్త ఒట్టును నేను నమ్మను. సాయంత్రం సంగనకల్లులో బస్సు దిగి, అతని వాకిట్లో చెప్పుల గుంపు చూశాకే నమ్మాను.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నా వల్ల కాదు. ఆ మనిషి మీద నాకు కోపం. పాడె లేచింది గానీ నా కోపం దిగలేదు.

పగలంతా బళ్ళారిలో లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు పులులు, తామరపూలు వేసేవాడు. ఇంటికొచ్చి మిగిలిన అదే పెయింటుతో ప్లైవుడ్ ముక్కల మీద మా వీధి జనాన్ని వేసేవాడు. తెగిన చెప్పుకు పెట్టుకున్న పిన్నుతో సహా అచ్చు మనుషులే. కానీ ఒక్కటి మాత్రం లోకంలో లేనిది ఉండేది. అంగడి శెట్టి కడుపుకు తలుపు, తలుపుకు బీగం. క్వారీలో పనిచేసే ఆయన వీపు మీద, ఆయన పగలగొట్టిన గుట్టే మళ్ళీ మొలిచి ఉండేది. మా అత్త నోట్లో నాలుకకు బదులు గంట వేలాడేది. ఆ ఒక్క బొమ్మ మీద నాకు పేచీ లేదు.

"లేనిదాన్ని ఎందుకు వేస్తావప్పా?" అని అడిగితే, "ఉండాది టీచరమ్మా. నీకు కానరాలేదంతే," అనేవాడు. పొగరు.

ఒకరోజు నా బొమ్మ తెచ్చి చేతిలో పెట్టాడు. తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. మోచేతి మీద కాలిన మచ్చను కూడా వదల్లేదు. నా తలమీద ఒక కాకి, సొంతింట్లో కూర్చున్నట్టు రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

కాకి తలమీద తన్నితే చావు వస్తుందని మా వైపు భయం. ఆ గండం తప్పాలంటే మనిషి పోయిందని దూరాన ఉన్న చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్ళు నిజమనుకుని ఏడిస్తే దోషం పోతుంది. "బొమ్మలో కాకైతే మాత్రం కాకి కాదా?" అనుకుంది మా అత్త. నాకు చెప్పకుండా హచ్చొళ్ళిలో ఉన్న మా నాన్నకు నేను పోయానని కబురు పెట్టింది. ఆయన ఏడ్చుకుంటూ వచ్చి, కడసారి చూపు దక్కదేమోనన్న తొందరలో బస్సు ఆగకముందే దిగి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇప్పటికీ కట్టె ఊతం లేకుండా నడవలేడు.

అత్తను ఎటూ తిట్టలేను. అందుకే పెయింటరు వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తలవంచుకుని బ్రష్షులు కడుక్కున్నాడు.

బొమ్మను కాల్చేయమంది అత్త. ప్లైవుడ్ గట్టిది, కాల్చబుద్ధి కాలేదు. బొమ్మ ఉన్న వైపు కిందికి తిప్పి నీళ్ళ డ్రమ్ముకు మూత వేశాను. "నీ కాకిని నీళ్ళలో మొహం చూసుకోమన్నాను!" అని గోడ మీదుగా అరిచాను.

"చూసుకోనీలే టీచరమ్మా. లారీ పెయింటు, నీళ్ళకు కదలదు," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మొన్న వానాకాలంలో వాళ్ళ ఇంటి నీళ్ళు మా వాకిట్లోకి వచ్చాయని మళ్ళీ గొడవ పెట్టుకున్నాను. మాటల్లో కాకి వచ్చింది. అప్పుడు నోరు విప్పాడు.

"మీ అమ్మ మీ ఇంట్లోనే పోయింది గదా. మూడో రోజు ఈ గోడ మీదనే కూడు పెడితిరి. కాకి ముట్టలేదు. ఆవుకు పెట్టేసినారు. నువ్వు ఈడ నిలబడి శానా ఏడిస్తివి. అందుకే తెచ్చి కూర్చోబెట్టిన."

ఆ గోడ వైపు ఒకసారి చూశాను. తర్వాత నా నోరు ఆగలేదు.

"ఆ ముక్క ఆ పొద్దే చెప్పుంటే మా నాయన కాలు నిలిచేది గదప్పా!"

"బొమ్మే చెప్తాదనుకుంటి," అన్నాడు. బేజారుగా లోపలికి వెళ్ళిపోయాడు.

బొమ్మ ఏం చెప్తుంది? నోరున్న మనిషి చెప్పాలి. ఇదీ నా కోపం.

పెయింటరు పోయిన మూడో రోజు అతని తమ్ముడు అదే గోడ మీద విస్తరి వేసి కూడు పెట్టాడు. వీధంతా చేరింది. శెట్టి కళ్ళు తుడుచుకుంటూ, "మహా కళాకారుడు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ బీగం బొమ్మ యాడుందని వాకబు చేశాడు. ఎండ ముదిరింది. కాకి రాలేదు. ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుందని గుసగుసలు మొదలయ్యాయి.

"ఇంక రాదు. ఆవుకు పెట్టేయండప్పా," అంది మా అత్త.

నేను ఇంట్లోకి వెళ్ళి డ్రమ్ము మూత తీశాను. కొంగుతో తుడిస్తే పాకుడు పోయింది, రంగు పోలేదు. తీసుకొచ్చి గోడ మీద విస్తరి పక్కనే నిలబెట్టి, పడిపోకుండా పట్టుకున్నాను.

"బొమ్మలో కాకైతే మాత్రం కాకి కాదా?" అన్నాను, మా అత్త వైపు చూస్తూ.

తమ్ముడు విస్తరిని బొమ్మ దగ్గరికి జరిపి దండం పెట్టాడు. నా కళ్ళు మసకబారాయి. బొమ్మలో నేను ఇంకా బట్టలు ఆరేస్తూనే ఉన్నాను. నా తలమీది కాకి ముక్కు నుంచి డ్రమ్ము నీళ్ళు ఒక చుక్క జారి, మెతుకుల మీద పడింది.