ఇవాళ సాక్ష్యం ఆవిడది

ఒక ఆదివారం ఉదయం గ్రేటర్ నోయిడా బస్సులో నా ఫోన్ మాటలు విని, పక్క సీటాయన "తెలుగువారా అండీ?" అన్నాడు. ఒళ్ళో బైబిలుంది. చర్చికి వెళుతున్నాడట.

అంతలో బస్సు గోతిలో పడి లేచింది. నా తల కిటికీకి కొట్టుకుంది. ఆ రోడ్డు వేసినవాణ్ణి నోరారా తిట్టాను.

"వేసింది నేనేనండి," అన్నాడాయన. "ఈ కాంట్రాక్టు వచ్చినప్పుడు, దేవుడు మేలు చేశాడని చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. ముందు వరసలో ఒకావిడ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. మొన్నటి వానల్లో వాళ్ళబ్బాయి బైకు ఈ గోతిలోనే పడింది. పోయాడండి."

"ఆవిడ మిమ్మల్నేమీ అనలేదా?"

"అంటే బాగుండునండి. ప్రతి ఆదివారం నవ్వుతూ 'వందనాలన్నా' అంటారు. ఇవాళ సాక్ష్యం ఆవిడది."

చర్చి స్టాపు వచ్చింది. ఆయన లేచి తలుపు దాకా వెళ్ళి, మెట్టు మీద ఆగిపోయాడు.

"ఉతర్‌నా హై క్యా, అంకుల్?" దిగుతారా లేదా అని కండక్టర్ విసుక్కున్నాడు.

ఆయన వెనక్కొచ్చి నా పక్కనే కూర్చుని, బైబిలు సంచిలో పెట్టేసుకున్నాడు.

ఆ గొయ్యి ఇంకా అలాగే ఉంది. బస్సు అందులో పడ్డప్పుడల్లా నా చూపు తలుపు దగ్గరి మెట్టు మీదికి పోతుంది.