మెట్ల మీద నన్ను ముందు నడిపించిన సుధక్క

నిన్న పొద్దున మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి "సుధక్క పోయింది" అన్నారు.

"ఏ సుధక్క?" అని అడిగాను.

మాకున్నది ఒకే సుధక్క.

ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్తూ పడిపోయిందట. తలలో నరం చిట్లిందన్నారు. హాస్పిటల్‌కి చేరేసరికే అంతా అయిపోయింది.

నాకు రాయడం పెద్దగా రాదు. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకులోనే, మా పై ఫ్లోర్‌లో ఉండేది అక్క. వన్-నార్త్ అనే ఏరియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దీపావళి తర్వాత అక్కా బావగారూ, నేనూ మా ఆయనా అమెరికా వెళ్ళాలని ప్లాన్. అక్కడ ఎడారిలో పెద్ద లోయ ఉన్న నేషనల్ పార్కు. అంచున నిలబడి ఫోటో దిగి రావడం కాదు. అడుగు దాకా నడిచి దిగి, మళ్ళీ ఎక్కాలి.

"నేను పైనే కూర్చుంటాను, మీరు వెళ్ళిరండక్కా" అన్నాను.

"నువ్వు పైన కూర్చుంటే కింద నాకు కబుర్లు ఎవరు చెప్తారే?" అంది.

సింగపూర్‌లో కొండలెక్కడివి? మా బ్లాకు మెట్లే ప్రాక్టీసు. సాయంత్రం బ్యాగుల్లో బియ్యం ప్యాకెట్లు పెట్టుకుని ముందు కిందికి, తర్వాత పైకి.

"కొండైతే అలిసిపోయినప్పుడు దిగిపోవచ్చు. లోయలో కష్టమంతా తిరిగొచ్చేటప్పుడే" అనేది.

కింద ఫ్లోర్‌లో ఉండే చైనీస్ అంకుల్ మమ్మల్ని చూసి, "లిఫ్ట్ నాట్ స్పాయిల్ లా, వై వాక్?" అని, లిఫ్ట్ బాగానే ఉంటే నడవడమెందుకని రోజూ అడిగేవాడు.

"హాలిడేకి వెళ్తున్నాం అంకుల్" అని అక్క రోజూ ఇంగ్లీషులో అదే జవాబు చెప్పేది.

మొదటి రోజు అలవాటుగా అక్క వెనక నిలబడ్డాను. నేనెవరితో వెళ్ళినా వెనకే నడుస్తాను. అక్క నా భుజాలు పట్టుకుని ముందుకు జరిపింది.

"నిదానంగా నడిచేవాళ్ళే ముందుండాలి. లోయలోనూ అంతే. నువ్వు ముందు, నేను ఆఖర్న."

"మరి మగవాళ్ళిద్దరూ?"

"మధ్యలో. నోరు మూసుకుని నడుస్తారు."

ఆ రోజు నుంచి నా వెనక అక్క బూట్ల చప్పుడు. నేను ఆగితే అదీ ఆగేది. ఎందుకు ఆగావని ఎప్పుడూ అడగలేదు.

ఈ రోజు అక్కని దహనానికి తీసుకెళ్ళేముందు మా ఆయన టిక్కెట్లు క్యాన్సిల్ చేద్దామా అని బావగారిని అడిగారు.

ఆయన నా వైపు చూశారు. "నువ్వు చెప్పమ్మా. ముందు నడిచేది నువ్వే కదా."



అక్కని లిఫ్ట్‌లో దించారు. నేను మెట్ల మీద దిగాను. అందరూ వెళ్ళాక ఒక్కదాన్నే ఎక్కాను. సగంలో ఆగాను.

వెనక ఏ చప్పుడూ లేదు.

బావగారూ, మీ ఎదురుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. వెళ్దాం. నేనే ముందు నడుస్తాను. ఆఖరి చోటు అక్కకి వదిలేద్దాం.

అక్కా, వేగంగా నడిచేవాళ్ళు ఆఖర్న రావాలన్నావు. ఆ మాట నువ్వే తప్పావు.

ఇంక నీ కాళ్ళకి విశ్రాంతి. ఎక్కడున్నా చల్లగా ఉండు.