గడ్డిగులాబీకి రెండు పూటలా నీళ్లు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా గల్లీలో ఐదు ఇళ్ల గడ్డిగులాబీ మొక్కలను నేనే చంపాను. తెలిసే చంపాను. ఆరోది చావబోయి బతికింది. ఈ సంగతి ఇన్నేళ్లలో నా అంతట నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే నోటుబుక్కులో కూడా రాసుకోలేదు.

అప్పటికి మా బీదరు మైసూరు రాష్ట్రంలో ఉండేది. బడిలో కన్నడం మాట్లాడాలంటే సిగ్గు, ఇంట్లో తెలుగు మాట్లాడాలన్నా సిగ్గే. అందరూ నన్ను మంచిపిల్ల అనేవాళ్లు. నోరు తెరవని పిల్లకు మనవాళ్లు పెట్టే పేరు అది.

హుల్సూరులో ఉండే మా చిన్నమ్మ ఒకసారి వస్తూ, కాగితంలో చుట్టి వేలెడు రెమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది. పాత నూనె డబ్బా అడుగున చిల్లులు పొడిచి, సన్నరాళ్ల మొరం కలిపిన మన్ను నింపి తనే నాటించింది. "నీళ్లెక్కువైతే కుళ్లిపోతది బిడ్డా. మన్ను ఎండినంకనే పొయ్యి" అని చెప్పింది. ఏడాది తిరిగేసరికి అది గోడ మీది నుంచి రెండు మూరలు కిందికి జారింది. సన్నటి ఎర్రటి కాడలు, నీరు నిండిన ఆకులు. ఎండ ఎక్కితే ముదురు గులాబీ రంగు పూలు విచ్చుకునేవి, మధ్యాహ్నం దాటితే ముడుచుకునేవి. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ డబ్బా ఒక్కటే.

మా గల్లీ ఆడవాళ్లకు ఒక నమ్మకం ఉండేది. అడిగి తీసుకున్న మొక్క పట్టదు, అడగకుండా తెంపుకుంటేనే ఏపుగా వస్తుంది అని. చిన్నమ్మ చేతికిచ్చిన నా మొక్క ఏపుగా లేదా? అది ఎవరూ ఆలోచించలేదు. అమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడ మీదికి చెయ్యి పోయేది, పుటుక్కుమనేది. ఎప్పుడూ పొడవాటి తీగే, మొగ్గలున్నదే. ఒకసారి నా కళ్లలో నీళ్లు చూసి ఎదురింటావిడ నవ్వింది. "ఏందే, నీ జడ కోసినట్టు చూస్తున్నవ్? అడిగితే పట్టదే పిల్లా!"

"మా పిల్ల ఏమనదు వదినా, మంచిది. ఇంకోటి తెంపుకో" అంది అమ్మ.

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. నేనేమంటానో అమ్మకు ఎట్లా తెలుసు? ఎప్పుడన్నా అడిగిందా?

తెంపడానికి నన్ను అడగనివాళ్లు, నీళ్ల సంగతి మాత్రం నన్నే అడిగేవాళ్లు. నేను తల వంచుకుని, మంచిపిల్లలాగే చెప్పేదాన్ని. "పొద్దుగాల చెంబెడు, మాపటికి చెంబెడు." నెల తిరక్కముందే ఒక్కో ఇంట్లో మొక్క నల్లబడి మెత్తబడిపోయేది. మా మన్ను మంచిది కాదు కాబోలు అని వాళ్లు అనుకునేవాళ్లు. నేను లోపల్లోపల సంబరపడేదాన్ని.

ఆరో రెమ్మ తెంపింది పక్కింటి అక్క. బట్టలు కుట్టి, మంచం పట్టిన తల్లిని సాకేది. నాకు చదవడానికి పుస్తకాలిచ్చేది ఆమె ఒక్కతే. ఆమె కూడా అందరిలాగే, అడగకుండా. అందుకని ఆమె మీద అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆమెకూ అదే మాట చెప్పాను.

ఆ ఎండాకాలం బావి అడుగంటింది. ఒకరోజు పొద్దున్నే అక్క తన కుండీ మోసుకొచ్చి మా గడప ముందు పెట్టింది. కుళ్లు వాసన గుప్పుమంది.

"నువ్వు చెప్పినట్టే రెండు పూటల పోసిన. మా తానాల నీళ్లల్లకెల్లి తీసి పోసిన" అంది. "ఆదివారం చర్చి గంట కొట్టే యాళ్లకు ఈ పూలు విచ్చుకుంటయని అమ్మ కిటికీల పెట్టించుకున్నది. చర్చికి పోలేదు గదా, వీటినే చూసుకుంట ప్రార్థన చేస్తుండె. జర బతికియ్యి."

నా చేతులు వాటంతటవే కదిలాయి. నల్లటి కాడలన్నీ తీసేస్తే చివర రెండు వేళ్లంత పచ్చటి ముక్క మిగిలింది. దాన్ని గిల్లి, నీడలో పొడి పెంకు మీద పెట్టాను.

"నాటవా?"

"తెగిన జాగ ఎండాలె. రెండు రోజులు."

"అయితే కుండీల చెంబెడు నీళ్లు పొయ్యనా?"

"వద్దు!"

ఆ ఇంట్లో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. అక్క నా మొహంలోకి చూసింది. ఈ ఒక్క మాట నా నోట పలికించడానికే కుండీ మోసుకొచ్చిందని నాకప్పుడు అర్థమైంది.

"నా మీద కోపమా?"

"నన్ను అడగలే" అన్నాను పళ్లు బిగబట్టి. "ఎవ్వరూ అడగలే. నువ్వు గూడ."

అక్క తిట్టలేదు. "నిజమే, అడగలే. ఆ మాట నా మొహం మీద అనాల్సుండె. మా అమ్మ నిన్నేం చేసింది?" అంది. పెంకు మీది ముక్కను ఇంకాస్త నీడలోకి జరిపాను.

ఆ ముక్క బతికింది. ఆ తరువాత గోడ మీదికి వచ్చిన ప్రతి చేతినీ "నన్ను అడుగుండ్రి" అని ఆపాను. సిగ్గుతో చెవులు మండేవి, అయినా ఆపాను. గయ్యాళి అని పేరొచ్చింది. మంచిపిల్ల కంటే ఆ పేరే నయం. మిగతా ఐదిళ్లవాళ్లకు నిజం చెప్పాలని నాకిప్పటికీ అనిపించదు. అక్కకు మాత్రం, తను రాబట్టకముందే నా నోటితో నేనే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. రాష్ట్రం పేరు మారింది, నా కోపం మారలేదు. కోపం వచ్చినప్పుడల్లా మాత్రం ఒకసారి చూసుకుంటాను, ఎదురుగా అంటున్నానా, ఎవరి కుండీలోనో నీళ్లు పోయిస్తున్నానా అని.

నేనింకా బడిలో ఉండగానే, తన తల్లి పోయాక అక్క షోలాపూరులోని వాళ్లన్న దగ్గరికి వెళ్లిపోయింది. బయల్దేరే రోజు, వాకిట్లో పెట్టె పెట్టుకుని, మా గోడ దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "ఒక రెమ్మ ఇస్తవా?" అని అడిగింది. అన్నిటికంటే పొడవైనది, మొగ్గలున్నది తెంపి, కాగితంలో చుట్టి ఇచ్చాను. అక్క దాన్ని సంచిలో పెట్టుకుంటూ నవ్వింది.

"అడిగి తీస్కున్న, బతుకుతదో లేదో చూద్దాం. ఇప్పుడన్న నిజం చెప్పు, నీళ్లు ఎన్ని పొయ్యాలె?"