మిరప కల్లంలో మెంతికూర వాసన

మా ఆయనకు షుగరని తేలిన ఏడాదే మేము సత్తెనపల్లి దగ్గర పొలం కౌలుకు తీసుకుని మిరప వేశాం. డాక్టరుగారు చెప్పడం తేలిగ్గానే చెప్పారు. రాత్రిపూట అన్నం తగ్గించాలి, పొద్దు గూకే వేళకే తినెయ్యాలి, పప్పులు, ఆకుకూరలు, జొన్నలు, కొర్రలు ఎక్కువ ఉండాలి. కడుపు నిండాలి గాని బరువెక్కకూడదు. వినడానికి బాగానే ఉంది. కల్లంలో కూర్చుని రోజూ అలాంటి వంట చెయ్యడం ఎలాగో మాత్రం ఆయన చెప్పలేదు.

కోతలు మొదలైతే మా కాపురం కల్లంలోనే. కోసిన కాయను నేల మీద పరిచి పగలంతా ఎండబెడతాం. సాయంత్రం మంచు పడేలోగా కుప్పలు చేసి పట్టాలు కప్పుతాం. కుప్పలు చేసేటప్పుడు లేచే ఘాటుకు పుట్టు మిరపరైతు కూడా దగ్గాల్సిందే. అది సద్దుమణిగాక కల్లం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. పట్టాల కింద కుప్పలు వరసగా, ఎవరినో పడుకోబెట్టి నిలువునా దుప్పటి కప్పినట్టు ఉంటాయి. ఆ వేళకు మా ఆయన బోరు దగ్గరికి వెళ్ళేవాడు. ఆయన వచ్చేలోగా నేను తాటాకు పాకలో చిన్న గ్యాసుపొయ్యి మీద వంట ముగించాలి.

మొదట్లో నాకు ఉప్మా తప్ప ఏదీ తోచేది కాదు. "రేపు కూడా ఉప్మానే అయితే నేను పచ్చికాయ నమిలి పడుకుంటా" అన్నాడు మా ఆయన. దాంతో కొంచెం బుర్ర పెట్టాను. బియ్యం కంటే పెసరపప్పు ఎక్కువ పోసి, మిరియాలు, జీలకర్ర, అల్లం వేసి పులగం చేశాను. మర్నాడు పొద్దున్నే అలసందలు నానేసి, సాయంత్రం ఉడికించి ఉల్లిపాయ, నిమ్మకాయతో పెట్టాను. ఆయన మారు అడిగి తిన్నాడు.

మళ్ళీ పులగం చేసిన సాయంత్రం, కుక్కరు దించి తల ఎత్తేసరికి కల్లం అంచున ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నాకు తెలియలేదు. తెల్లపంచె, తలకు తువ్వాలు, సన్నటి మనిషి. అప్పుడే కుప్పలు చేశామేమో, గాలి నిండా ఘాటు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. ఆ నీళ్ళు కారుతున్న సంగతే ఆయనకు తెలియనట్టుంది.

"ఎవరు పెద్దాయనా?" అన్నాను.

"పొయ్యి వెలుగుతుంటే వచ్చానమ్మా. ఉంటే కాస్త పెట్టు."

అన్నం అడిగిన మనిషిని పొమ్మనే అలవాటు మా వైపు లేదు. పళ్ళెంలో పెట్టిచ్చాను. ఒళ్ళో పెట్టుకున్నాడు గాని తినలేదు. నా వంక చూస్తున్నాడు. నా ముఖం వంక కాదు, నోటి వంక.

"నువ్వు తినమ్మా."

"మా ఆయన వచ్చాక తింటాలే."

"ఒక్క ముద్ద తిను."

ఆ మాటలో బతిమాలడం ఉందో, ఇంకేదైనా ఉందో తేల్చుకోలేకపోయాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది గొంతు దిగేదాకా ఆయన రెప్ప వెయ్యలేదు. దిగాక, టిక్కీ బస్తాలో కాయ కుక్కి తొక్కినట్టు గబగబా తినేసి, పళ్ళెం కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. బోరు నుంచి మా పాకకు ఉన్నది ఒక్కటే బాట. "దారిలో పెద్దాయన కనపడ్డాడా?" అని అడిగాను. "ఎవరూ లేరే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. ఎప్పుడూ మా ఆయన లేని వేళే. కన్నీళ్ళు కారుస్తూ కూర్చోవడం, నేను ముద్ద మింగేదాకా చూడటం, తినడం, పోవడం. మా ఆయన ఒక్కసారి కూడా ఆయన్ని చూడలేదు. ఒకరోజు కావాలనే త్వరగా వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ముసలాయన రాలేదు.

పక్క కల్లం పెద్దమ్మ దూరం నుంచి అంతా గమనిస్తూనే ఉంది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఆ మనిషి ఎప్పుడన్నా దగ్గాడా?"

"లేదు పెద్దమ్మా."

"మిరప ఘాటుకి దగ్గని మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. కాళ్ళు చూశావా?"

"చెప్పులున్నాయిగా."

"చెప్పులు విప్పినప్పుడు చూడు. పాదాలు ముందుకున్నాయో, వెనక్కున్నాయో."

నవ్వేశాను. కానీ ఆ సాయంత్రం చూశాను. చెప్పులు కల్లం అంచున విడిచి వచ్చాడు. పాదాలు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి, మడమలు పగిలి, పగుళ్ళలో నల్లరేగడి మన్ను ఇరుక్కుని. ఊపిరి పీల్చుకున్నాను గాని నవ్వు మాత్రం రాలేదు. ఇక ఊరుకోలేక అడిగేశాను.

"పెద్దాయనా, నేను తింటే గాని నువ్వెందుకు తినవు?"

తలకున్న తువ్వాలు సర్దుకుని చెప్పాడు.

"నాకు ముక్కు లేదమ్మా. నాలుకా లేదు. కూలికి పత్తి మందు కొట్టేవాణ్ణి. ఒకేడు మందు కొట్టి ఇంటికెళ్ళి పడుకున్నా. లేచేసరికి ఏ వాసనా లేదు. ఉప్పేదో, పంచదారేదో తెలీదు. పాచిపోయిన కూడు తిని రెండు మాట్లు చావు దాకా వెళ్ళొచ్చా. అప్పట్నించీ వేరేవాళ్ళు తిన్నది చూసి తింటా."

ఇన్నాళ్ళూ నన్ను అంత భయపెట్టిన చూపుకు కారణం ఇదా అనిపించింది. జాలేసింది. "మరి ఇంట్లో ఎవరూ లేరా?" అన్నాను.

"ఇంటిదుండేది. అది రుచి చూసి పెట్టేది." మొదటిసారి ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "నీ పులగం బాగానే ఉంటుందేమో, నాకు తెలీదు. మా ఇంటిది కొర్రలతో చేస్తుంది. కొర్రలూ, పెసలూ పొద్దున్నే కలిపి నానెయ్యాలంటుంది. సాయంత్రం తాలింపులో మెంతికూర వేసి మగ్గించి, అందులో పోసి మూత పెడితే పొయ్యి ముందు కూర్చునే పనుండదు. రెండు గరిటెలు తింటే పొద్దుటిదాకా ఆకలి తెలీదు."

మర్నాడు అలాగే చేద్దామంటే మెంతికూర దొరకలేదు. తోటకూర వేసి చేశాను. బాగుంది. మా ఆయన తిని, "దీనిముందు బియ్యం ఎందుకే" అన్నాడు. అప్పట్నించి ముసలాయన వచ్చినప్పుడల్లా ఒక వంట చెప్పి వెళ్ళేవాడు. జొన్నరవ్వలో గోంగూర, పచ్చిశనగపప్పు వేసి ఉడికించడం. సొరకాయ తురిమి, పెసరపిండిలో కలిపి పెనం మీద దళసరిగా కాల్చడం. నానిన శనగలు, టమాటాలు కచ్చాపచ్చాగా నలిపి కూరలా చేసుకుని ఒక సజ్జరొట్టెతో తినడం. ఏ ఒక్కటీ అరగంట దాటదు. ఏ ఒక్కటీ బెడిసికొట్టలేదు. రుచి తెలియని మనిషి చెప్పిన వంటలు అంత బాగా కుదురుతుంటే ఆవిడ చేతి పుణ్యమే అనుకున్నాను.

ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకునేది. ఇంటిదుండేది అని మొదలుపెడతాడు. వంట దగ్గరికి వచ్చేసరికి, చేస్తుంది, అంటుంది, వెయ్యనివ్వదు అంటాడు. ఒకసారి, "నిన్న చిక్కుడుగింజలు పోసింది" అన్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూశాను. ఆయన మాట దిద్దుకోలేదు. కన్నీళ్ళు మాత్రం అలాగే కారుతున్నాయి.

కోతలు చివరికొచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం. ఆ రోజు జొన్నరవ్వా, సొరకాయా వండాను. పళ్ళెం చేతికిచ్చి, అలవాటు ప్రకారం నేను ఒక ముద్ద తిన్నాను. ఆయన నా వంక చూడటం లేదు. మెడ నిక్కించి అటూ ఇటూ తిప్పుతున్నాడు. ముక్కు రంధ్రాలు కదులుతున్నాయి.

"మెంతికూర వేశావా అమ్మా?"

"లేదు పెద్దాయనా. మెంతికూర ఇంట్లోనే లేదు."

"వస్తోంది." పళ్ళెం కింద పెట్టేశాడు. "వాసనొస్తోంది. తాలింపు పెట్టేసింది."

"ఎవరు?"

"పొద్దుపోయిందని కేకలేస్తుంది. నేను పోవాలమ్మా."

లేచి, కుప్పల మధ్య నుంచి నడిచి వెళ్ళాడు. ఆలస్యమైన మనిషి నడిచినట్టు, వడివడిగా. నేను గట్టిగా గాలి పీల్చి చూశాను. మిరప ఘాటు తప్ప ఇంకేమీ తగల్లేదు. ముట్టని పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. 

మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "మొత్తానికి మెంతికూర సంపాదించావన్నమాట. బోరు కాడికే ఘుమఘుమలాడిపోతోంది" అన్నాడు.

నేను గిన్నె మూత తీసి చూపించాను. ఆయన వంగి చూశాడు, నా ముఖం చూశాడు. ఆ పూట మేమిద్దరం పెద్దమ్మ వాళ్ళ కల్లంలో కూర్చుని తిన్నాం.

ఆ తర్వాత ముసలాయన రాలేదు. కాయ గుంటూరు వెళ్ళిపోయింది, కల్లం ఎత్తేశాం. నాకు మాత్రం మనసు ఒక చోట నిలవలేదు. ముక్కు పనిచెయ్యని మనిషి, ఎక్కడ ఏది తిని పడిపోయాడో అని. అమరావతి వెళ్ళే దారిలో తన ఊరేదో ఒకసారి మాటల్లో చెప్పాడు. రెండు నెలలు గడిచాక ఒక ఉదయం బస్సెక్కి వెళ్ళాను. మందు కొట్టి ముక్కు పోగొట్టుకున్నాయన అనగానే ఇల్లు చూపించారు. తాళం వేసి ఉంది. ఎదురింటావిడ పత్తికట్టె మోపులు కడుతోంది.

"తమ్ముడొచ్చి దర్శి తీసుకెళ్ళాడమ్మా. రెండు నెల్లయింది. మీరేమవుతారు?"

"మా కల్లానికి వచ్చేవాడు. వాళ్ళావిడ పోయాక తిండికి ఇబ్బందిపడుతున్నాడని..."

ఆవిడ కట్టె వదిలేసి నన్ను చూసింది. "ఆవిడెవరమ్మా? ఆయనకు పెళ్ళెక్కడయింది?"

"భార్య వంటల గురించి చెప్పేవాడండీ."

"నేను ఈ ఊరు కాపురానికొచ్చిన కాణ్ణించీ ఒంటిగాడే. తల్లి చిన్నప్పుడే పోయిందంట. ఆ ఇంట్లో పొయ్యి వెలగ్గా నేను చూళ్ళేదు."

నా మాట ఆవిడ నమ్మలేదనుకుంటాను. రండి అని పెరటి వైపు తీసుకెళ్ళింది. గోడ మీంచి తొంగిచూశాం. ఎండాకాలం, పెరడంతా బీటలు వారి ఉంది. వంటగది గుమ్మం పక్కన మాత్రం చాపంత మేర మెంతికూర మడి. లేత పచ్చగా, గిల్లడానికి సిద్ధంగా ఉంది. మడిలో మట్టి తడిగా ఉంది.

"నీళ్ళెవరు పోస్తున్నారండీ?"

ఆవిడ వెనక్కి తిరిగింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వీధిలోకి నడిచింది. నేనూ వెనకే వచ్చాను. అప్పుడు ఆవిడే ఫోన్ తీసి, తమ్ముడి నంబరు కలిపి, ముసలాయన్ని పిలిపించి నా చేతికిచ్చింది.

"పెద్దాయనా, నేను కల్లం దగ్గర అమ్మాయిని. బాగున్నావా?"

గొంతు హాయిగానే ఉంది. "బాగున్నా తల్లీ. మరదలు పెడుతోంది. ముందు తను తిని పెడుతుంది."

"మరి... మీ ఇంటావిడ?"

అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నట్టున్నాడు, గొంతు బాగా తగ్గించాడు.

"దానికి ఈ ఊరు తెలీదమ్మా. ఇంకా అక్కడే వండుతుందనుకుంటా. ఎవరన్నా వెళ్ళి కాస్త తింటే బాగుండు."

ఎదురింటావిడ ఏమన్నాడని అడిగింది. బాగున్నాడంట అని మాత్రం చెప్పాను. మంచినీళ్ళు తాగి వెళ్ళమంది. వద్దన్నాను. మిట్టమధ్యాహ్నం, ఎండ దంచుతోంది. అయినా బస్సు కోసం ఆ వీధి మొదట్లో కాక, మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్ళి నిలబడ్డాను.

మా ఆయనకు ఏదీ దాచకుండా చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. అడ్డం రాకుండా మొత్తం విన్నాడు. "ఇక ఆ మిరప కల్లం మనకెందుకులే, వచ్చే ఏడు పత్తి వేద్దాం" అన్నాడు. పత్తే వేశాం. దానికి కల్లం కాపలా లేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం. మొన్న పరీక్ష చేయిస్తే షుగరు అదుపులో ఉందన్నారు. ఏం తింటున్నారని డాక్టరుగారు అడిగారు. కొర్రలు, జొన్నరవ్వ, సొరకాయ అట్లు అని వరసగా చెప్పుకొచ్చాను. చాలా బాగుందమ్మా, ఎవరు నేర్పారు అన్నారాయన. మా ఆయన నా వంక చూశాడు. తెలిసినావిడండీ అన్నాను.