మైసమ్మకు వేసిన పొగ

రాతి అడుగున వేలాడుతున్న నల్లటి ముద్ద ఒక్కసారి అలలా కదిలింది. వరి చేను మీద గాలి పోయినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు. ఆ వెంటనే ఇసుక జల్లెడ పట్టినట్టు సన్నని చప్పుడు. అప్పటిదాకా దాన్ని రాతికి పట్టిన మసి అనుకున్నాను. మసి కదలదు. దానికి సరిగ్గా కింద, మైసమ్మ రాయి ముందు, ఆరేళ్ల మా బిడ్డ కూర్చుని కొబ్బరి ముక్క నములుతున్నది. పక్కనే మా అత్తమ్మ మండుతున్న బొగ్గుల మీద సాంబ్రాణిలాంటి మైసాచి పొడి చల్లుతున్నది. పొగ నిటారుగా పైకి పోతున్నది.

"అత్తమ్మా, పొగ ఆపు. పైన తేనెటీగలున్నయి," అన్నాను.

"దేవుని కాడ అరవకు," అన్నది ఆమె, తల ఎత్తకుండానే.

మేము అక్కడికి సరదాగా పోయినవాళ్లం. మా బావ, అంటే మా ఆయన అన్న, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పాట, ఎక్కడికన్నా పోదాం, పచ్చగా ఉన్న చోటికి పోదాం అని. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వకు కొంచెం లోపల, గుట్ట మీద పార్కు చేశారని, పిల్లలకు తాళ్ల వంతెన, ఊయలలు, పైకెక్కి అడవి చూడ్డానికి మంచె ఉన్నాయని ఎవరో చెప్పారు. ఐతారం పొద్దున్నే బగార అన్నం, కోడికూర వండుకుని జీపు మాట్లాడుకుని బయల్దేరాం. నేను జ్వరం మందు, దూది, ఓఆర్‌ఎస్ పాకెట్లు సర్దుతుంటే బావ నవ్వాడు.

"ఏందమ్మా డిగ్రీ మేడం, దవాఖాన మొత్తం పట్టుకొస్తున్నవా? డాక్టరు ఏ సంచిల ఉన్నడు?"

మా ఆయన కూడా అందుకున్నాడు. "దానికి ఇంట్ల కూసున్నా భయమే అన్నా. మబ్బు పట్టినా పిల్లల్ని లెక్కవెడతది."

నిజమే, లెక్కపెడతాను. పెట్టకపోతే నాకు ఊపిరి ఆడదు. మా ఇంట్లో నా భయం ఒక సరదా. అన్నంలోకి పచ్చడిలాగా, అది లేకుంటే వాళ్లకు ముద్ద దిగదు.

గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. చెట్లు ఎక్కవద్దు, ప్లాస్టిక్ తేవద్దు, కోతులకు తిండి పెట్టవద్దు, నిప్పు వెలిగించవద్దు. పక్కనే గులాబీ రంగు వేసిన గుండె ఆకారం చట్రం, అందులో నిలబడి ఫోటోలు దిగడానికి. కాపలా మనిషి మా సంచులు వెతికి బావ లైటర్ తీసి పెట్టుకున్నాడు. తర్వాత అత్తమ్మ సంచిలోంచి అగ్గిపెట్టె, బొగ్గులు బయటికి తీశాడు.

"గది మైసమ్మకు కొడుకా. అడవిల అన్నం తినాలంటే ముందుగాల తల్లికి పొగెయ్యాలె," అన్నది అత్తమ్మ.

అతని ముఖమే మారిపోయింది. "దేవుని పనికైతే తీస్కపో అవ్వా. గా పెద్ద రాయి కిందనే ఉంటది తల్లి."

బావ లైటర్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. సిగరెట్టు నిప్పు నిప్పే, దేవుని నిప్పు నిప్పు కాదు. అక్కడున్న ఎవరికీ ఇందులో విడ్డూరం కనిపించలేదు.

"పైన పాములు గీములు ఏమన్నా ఉన్నయా?" అని నేను అడిగాను.

"ఏం లేవు మేడం. అంతా సేఫ్. మా పిల్లలు గాడనే ఆడుకుంటరు."

పెద్ద రాయి గొడుగులా ముందుకు వంగి ఉంది. కింద చల్లటి నీడ. ఆ నీడలోనే పసుపు పూసిన చిన్న మైసమ్మ రాయి. మేము కొంచెం ఇవతల జంపఖానా పరిచి గిన్నెలు పెట్టుకున్నాం. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది, బొగ్గులు అంటించింది. నేను తల ఎత్తి చూసింది అప్పుడే.

రెండోసారి చెప్పలేదు, అరిచాను. కూర గిన్నె మూత తీస్తూ బావ "అగో, షురూ అయింది" అన్నాడు. మా ఆయన సిగ్గుపడి ముఖం అటు తిప్పుకున్నాడు. నల్లటి ముద్ద మళ్లీ అలలా కదిలి, ఒక అంచు తెగి కింద పడుతున్నట్టు అనిపించింది. పడలేదు. లేచింది.

జంపఖానాను మీదున్న బగార అన్నంతో సహా లాగాను. గిన్నెలు దొర్లాయి. ఉరికిపోయి బిడ్డ మీద పడి, ఇద్దరికీ కలిపి దాన్ని కప్పుకున్నాను. అలాగే, కళ్లు కనబడకుండానే, బిడ్డను పొట్టకు అదుముకుని పొదల్లోంచి జీపు దాకా వచ్చాను. మా ఆయన నాలుగేళ్ల కొడుకును చొక్కాలో దూర్చుకుని ఉరికాడు, వాడికి చేతి మీదే కుట్టాయి. బిడ్డకు పెదవి మీద, చెవి వెనక, మోచేతుల మీద. నా మెడ మీద ఎవరో వాతలు పెడుతున్నట్టుంది. అత్తమ్మ కొంగు తలకు చుట్టుకుని "తల్లీ తప్పయింది, తల్లీ తప్పయింది" అంటూ వచ్చింది. ఆమెకూ బాగానే కుట్టాయి. బావ అందరికంటే ముందే జీపులో ఉన్నాడు, అద్దాలు ఎక్కించుకుని.

గేటు తెరవడానికి వచ్చిన కాపలా మనిషి బిడ్డ ముఖం చూసి, "అయ్యో, తుట్టె లేసిందా?" అన్నాడు.

లేసిందా! అంటే ఉందని తెలుసు.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే మేడం. ఏండ్ల సంది ఉన్నది. పోయిన ఎండకాలం గూడ గిట్లనే ఎవరినో కుట్టినయి."

"మరి బోర్డు మీద ఎందుకు రాయలేదు?"

"గట్ల రాస్తే జనం వస్తరా మేడం?"

అతను ఎగతాళికి అనలేదు. నాకు లోకం తెలియదని జాలిపడి అన్నాడు. ఫోటోల చట్రానికి గులాబీ రంగు దొరికింది. పైన ఈగలున్నాయి అన్న ఆ ఒక్క ముక్కకు రంగు దొరకలేదు. దిగి కడిగేద్దామని జీపు తలుపు మీద చెయ్యి వేశాను. "ఊకో, ముందు దవాఖానకు పోదాం," అన్నాడు మా ఆయన. ఆయన చెప్పింది సరైన మాటే. అందుకే ఇంకా మండిపోయింది.

జీపు ఎల్లారెడ్డి వైపు తిరగగానే అత్తమ్మ కారణం కనిపెట్టింది.

"తల్లికి చూపియ్యకముందే గీ పిల్ల కొబ్బరి ముక్క నోట్లె వెట్టుకున్నది. ఎంగిలి చేసినంక మైసమ్మ ఊకుంటదా?"

నా కళ్లు బిడ్డ పెదవి మీదే ఉన్నాయి. వాపు ఎక్కువవుతోందా, ఊపిరి సరిగా ఆడుతోందా అని చూడ్డంలోనే ఉన్నాను. దవాఖానలో సిస్టర్ ముళ్లు ఒక్కొక్కటే గీకి తీసి, సూది వేసి, చాలాసేపు మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టింది. భయం లేదని డాక్టరు చెప్పాకే నాకు నా మెడ నొప్పి తెలిసింది. బిడ్డ మాత్రం ఏడవలేదు. సూది అంటే ఇల్లు లేపే పిల్ల, చెయ్యి చాచి నోరు మూసుకుని కూర్చున్నది. అది నాకు నచ్చలేదు.

ఇంటికి వచ్చాక ఫోన్లు మొదలైనాయి. బావ అందరికీ చెబుతున్నాడు, తను ఎట్లా అందర్నీ జీపులోకి ఎక్కించాడో. మధ్యలో నా వైపు చూసి, "కోడికూర మొత్తం మట్టిపాలు చేసినవ్ గదమ్మా," అని నవ్వాడు. నువ్వు ముందే చెప్పావు అన్న మాట ఒక్కరి నోటినుంచీ రాలేదు. నా భయం ఉత్తదైతే దానికి నా పేరు పెడతారు. నిజమైతే దానికి మైసమ్మ పేరు పెడతారు.

చీకటి పడుతుండగా అత్తమ్మ తీర్పు చెప్పింది. "వచ్చే ఐతారం పిల్లను మల్ల తీస్కపోవాలె. గా రాయి ముంగట చెవులు పట్టుకొని తప్పయిందని మొక్కితే పోతది."

"ఒక్క కొబ్బరికాయనే గద. పెద్దామె మాట," అన్నాడు మా ఆయన.

"ఆ రాయి కిందికి నా బిడ్డను పోనియ్య," అన్నాను.

"చదువుకున్నవని తల్లి మీద నమ్మకం లేదా?" అన్నది అత్తమ్మ.

"తల్లి మీద ఉన్నది అత్తమ్మా. ఆరేళ్ల పిల్లతో చెవులు పట్టిచ్చే మనుషుల మీద లేదు."

పెళ్లయినప్పటి నుంచి నేను అంత మాట ఎప్పుడూ అనలేదు. అన్నందుకు ఇప్పటికీ విచారం లేదు.

పడుకోబెడుతుంటే బిడ్డ వాచిన పెదవితో ముద్దముద్దగా అడిగింది. "అమ్మా, తమ్మునికి నా వల్లనే కుట్టినయా?"

ఆ పిల్ల సూదికి ఎందుకు ఏడవలేదో అప్పుడర్థమైంది. నొప్పిని శిక్ష అనుకుని ఓర్చుకుంది. కాదు బిడ్డా అన్నాను, కానీ మందు మగతలో అప్పటికే కళ్లు మూతపడ్డాయి. విన్నదో లేదో తెలియలేదు. రేపు ఏం చెప్పాలో మాట మాటా కూడబెట్టుకుంటూ పక్కన కూర్చున్నాను. తెల్లారేసరికి మళ్లీ ఎవరైనా ఆ కొబ్బరి ముక్క సంగతి ఎత్తుతారు, వాళ్లకంటే ముందు నేను చెప్పాలి.

పొద్దున దోశల్లోకి కొబ్బరి పచ్చడి చేశాను. బిడ్డ పళ్లెం పక్కకు జరిపింది. అత్తమ్మ గడప దగ్గర ఉబ్బిన ముఖంతో కూర్చుని ఉంది, బావ చాయ్ తాగుతున్నాడు. వాళ్లకు వినబడేలాగే చెప్పాను.

"ఇద్దరూ ఇనుండ్రి. ఆ రాతి కింద ఈగల ఇల్లుంది. అండ్ల వాటి పిల్లలుంటయి. కింద మనం పొగ పెట్టినం. పిల్లలున్న ఇంట్లకు పొగొస్తే ఎవరైనా ఉరికొస్తరు, నేను ఉరికొచ్చినట్టే. నువ్వు కొబ్బరి ముక్క తిన్నందుకు కాదు బిడ్డా. తమ్మునికి నీ వల్ల కుట్టలేదు. ఈగలున్నయని ఎరుకుండి చెప్పనోళ్లది తప్పు. చెప్తే ఇననోళ్లది తప్పు. వచ్చే ఐతారం మనం ఎక్కడికీ పోతలేం. నువ్వు చెవులు పట్టుకునేది లేదు."

"మరి ఎవరు పట్టుకోవాలె?" అన్నాడు కొడుకు, కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ.

"పెద్దోళ్లం," అన్నాను, బిడ్డ పళ్లెం మళ్లీ ముందుకు జరుపుతూ. "నువ్వు తిను బిడ్డా. పచ్చడేసుకొని తిను."