కంప్యూటర్‌కు కుట్టిన గౌను

జగిత్యాలలో మా పెద్దనాన్న కూతురికి కొత్త కంప్యూటర్ కొన్న రోజు నాకు జ్వరం వచ్చిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. జ్వరం కాదు, కుళ్లు. అక్క నాకంటే మూడు నెలలే పెద్ద. ఇద్దరం ఒకే డిగ్రీ చదివాం, మార్కులు నాకే ఎక్కువ. కంప్యూటర్ మాత్రం ఆమెకొచ్చింది. పెట్టెకు పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. దాన్ని చూపించడానికి నన్ను ప్రత్యేకంగా పిలిపించారు. బాగుందని రెండుసార్లు అన్నాను, ఒకసారి అంటే నమ్మరేమోనని.

పట్టుదల అని గొప్పలు చెప్పుకోను. నేను కంప్యూటర్ బిగించుకున్నది ఆ కడుపుమంటతోనే. మాది సిరిసిల్ల, నాన్న అక్కడ సాంచాల షెడ్డులో పనిచేస్తాడు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. అక్కడ ఆఫీసు మూలన పడి ఉన్న పాత సీపీయూను సేటును అడిగి భుజాన వేసుకొచ్చాడు. చవకని కోరుట్ల దాకా వెళ్తే, అక్కడొక రిపేరు షాపులో పాత ర్యామ్, ఎవరో మార్చేసిన హార్డ్ డిస్క్, అంచున గీత పడిన మానిటర్ దొరికాయి. వీడియోలు చూస్తూ నేనే బిగించాను. ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

ఆన్ అయింది. పది నిమిషాలకు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ పది నిమిషాలే. మూడో రోజుకు ఏడుపొచ్చింది. అక్క దానికి ఇలాంటి రోగాలుండవు కదా అని గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చాను. నాన్న పని నుంచి వచ్చి, పెట్టెకు చెవి ఆనించి విన్నాడు.

“ఫ్యాను గుంజుకుంట తిరుగుతాంది బిడ్డ. సాంచె మోటర్‌కు గాలాడకుంటె గిట్లనే ఆగుతది. ఇప్పి సూడు.”

విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాను కింద, పరుపులో దూదిలా మెత్తటి నూలు దుమ్ము. ఏళ్ల తరబడి షెడ్డు గాలి పీల్చింది మరి. సాంచాలు దులిపే కుంచెతోనే నాన్న దాన్ని దులిపాడు. వేడి లాగే పేస్టు కోరుట్ల నుంచి తెచ్చి పూశాను. ఆ తర్వాత పూటంతా నడిచినా ఆగలేదు. కంప్యూటర్‌కు గాలి ఎంత ముఖ్యమో నాకు అలా తెలిసింది.

ఆ రిపేరు షాపు పక్కనే ఒక ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి కార్డులు ఇంట్లోనే డిజైన్ చేసి పంపే మనిషి వాళ్లకు కావాలి. ఆదివారంలోగా మూడు నమూనాలు పంపమన్నారు, ఒక్కరినే తీసుకుంటామన్నారు. నేను పంపుతానన్నాను. అక్క కూడా పంపుతానంది. నాకు ఆ పని కావాలి. అది రాకపోతే బట్టల దుకాణంలో రోజంతా నిలబడే పనే గతి. అక్కకైతే అది సరదా. ఆ సంగతి నాకు నేనే తీర్మానించాను, ఆమెను అడగలేదు.

బుధవారం జగిత్యాల వెళ్లాల్సొచ్చింది. అక్క గదిలో కంప్యూటర్ నడుస్తోంది, నిండుగా గౌను తొడుక్కుని. దుమ్ము పడకూడదని పెద్దమ్మ కుట్టింది. మా నాన్న పంపిన పాలిస్టర్ బట్టతో పైనుంచి కిందిదాకా మూసేసి, అంచుకు లేసు కూడా వేసింది. మా ఇళ్లలో కొత్త వస్తువుకు మర్యాద అలాగే చేస్తారు. టీవీకీ మిక్సీకీ వాషింగ్ మిషన్‌కీ, అన్నిటికీ గౌన్లే. వెనక వైపు చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి చురుక్కుమంది.

ఒక్క మాట చాలు. “తీసెయ్ పెద్దమ్మా” అంటే అయిపోయేది. కానీ నా కళ్లు ఆ లేసు మీదే ఉన్నాయి. నా డబ్బాకు ఎవరూ లేసు కుట్టలేదు. మా నాన్న పంపిన బట్ట కూడా దీనికే దక్కింది.

“ఎట్లున్నది బిడ్డ?” అని పెద్దమ్మ అడిగింది.

“మస్తున్నది” అన్నాను.

ఆదివారం నా నమూనాలు వెళ్లాయి. అక్కవి వెళ్లలేదు. పని నాకొచ్చింది. మర్నాడు అక్క ఫోన్ చేసింది. “శనివారం సంది ఊకె బందైతాంది చెల్లె. చేసిందంత పోయింది. నీకు తెల్సు గద, ఒక్కసారి రారాదూ.”

వెళ్లాను. గౌను తీసి పక్కన పెడితే చాలు. కానీ మొన్న ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? అందుకని స్క్రూలన్నీ విప్పి, శుభ్రంగా ఉన్న ఫ్యానును గంటసేపు తుడిచాను. చివర్లో, అప్పుడే తోచినట్టు, నడిచేటప్పుడు గౌను తొడగొద్దన్నాను. ఇక కంప్యూటర్ ఆగలేదు. ప్రెస్ పని నాకొచ్చిందని అక్క స్వీట్లు తెప్పించింది. ఆమె ముఖంలో కుళ్లు వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు, దానికీ నాకు ఒళ్లు మండింది.

పెద్దమ్మ చాయ్ అందిస్తూ అంది: “మా పక్కింటోళ్లు చెప్పిండ్లు బిడ్డ, నడిచేటప్పుడు కప్పద్దని. నేనే ఇనలే. ‘మా సిరిసిల్ల బిడ్డ అచ్చి చెయ్యి పెట్టి సూసి పోయింది, ఏమన్నుంటె గదే చెప్తుండె’ అన్న.”

చాయ్ గ్లాసు కింద పెట్టి, గౌను చేతిలోకి తీసుకుని మడతపెట్టాను. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ మడతపెట్టాను, తలెత్తకుండా.