మామ్మ సన్మానంలో నా తెలుగు

నా చిన్నప్పుడు న్యూజెర్సీలో మా పక్కింట్లో ఒక పోర్చుగీసు మామ్మ ఉండేది. పెరట్లో పండిన ఆకుకూర మా అమ్మకి గంపెడు పంపేది. ఆవిడ వాళ్ల దేశం నెత్తిన పెట్టుకున్న కవయిత్రి అని మాకు చాలాకాలం తెలియనే తెలియదు. అక్కడ నియంత పాలించిన రోజుల్లో ఆవిడ పుస్తకాలు అమ్మనివ్వలేదట. జనం చేత్తో రాసుకుని, తలుపులు వేసుకుని చదువుకునేవారట. ఇక్కడికొచ్చి కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తూ కూడా ఆవిడ రాయడం మానలేదు.

నేనూ అమ్మ నేర్పిన తెలుగులో మంచు మీదా, వాన మీదా ఏవో నాలుగు ముక్కలు గిలికేదాన్ని. కానీ బడిలో పిల్లలు వెక్కిరించాక, గడప దాటితే తెలుగులో నోరు విప్పడం మానేశాను. అది మామ్మ కనిపెట్టింది. మా ఊళ్లోని పోర్చుగీసువాళ్లు తనకు సన్మానం చేస్తున్నారనీ, ఆ సభలో నేను నా తెలుగు కవిత చదవాల్సిందేననీ పట్టుబట్టింది.

అమ్మకి ఒకటే కంగారు. “వాళ్లకేం అర్థమవుతుందే? ఇంగ్లీష్‌లోకి ట్రాన్స్‌లేట్ చేసి చదివెయ్యి” అంది. మామ్మ ససేమిరా అంది. తను మాత్రం ఎక్కడికెళ్లినా ముందు తన భాషలోనే చదివేది, అడిగినవాళ్లకి అర్థం తర్వాత చెప్పేది. మహా మొండిమనిషి.

కాగితంలోంచి తలెత్తకుండా గబగబా చదివాను. ముగించానో లేదో, ముందు వరసలో ఒకాయన దగ్గాడు. ఆయన పక్కావిడ దగ్గింది. చూస్తుండగానే హాలంతా దగ్గులే, చప్పట్లు మాత్రం లేవు. నా ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ కూడా వెక్కిరిస్తున్నారనుకుని, ఏడుపు ఆపుకోలేక స్టేజీ దిగబోయాను.

మామ్మ తన కుర్చీలోంచి లేచొచ్చి నా భుజం పట్టుకుంది. “ఎక్కడికే పిల్లా? మా ఊళ్లో పాటైనా కవితైనా మనసుకు తగిలితే చప్పట్లు కొట్టరు, ఇలా దగ్గి గొంతు సవరించుకుంటారు. నాకిచ్చే మర్యాదే నీకూ ఇచ్చారు. మళ్లీ చదువు” అంది. తలెత్తి చూస్తే వెనక వరసలో మా నాన్న, ఎందుకో ఏమిటో తెలియకపోయినా, అందరికంటే గట్టిగా దగ్గుతున్నారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. రెండోసారి కాగితం కిందికి దించి, తాపీగా చదివాను.

మామ్మ పోయాక వాళ్ల దేశంలో ఒక వీధికి ఆవిడ పేరు పెట్టారు. అక్కడి బడిపిల్లలు ఆవిడ కవితలు కంఠస్థం చేస్తున్నారు. అంతటి మనిషి తన సన్మానం నాడు నా పక్కన నిలబడిందని చెప్పుకోవడానికి నాకెంత గర్వమో.

నాకిప్పుడు అరవై దాటాయి. ఇక్కడి లైబ్రరీలో చదవమని పిలిచినా ముందు తెలుగులోనే చదువుతాను. ఎవరికి అర్థమవుతుందని అడిగితే, ముందు వినండి, తర్వాత మాట్లాడుకుందాం అంటాను. ఏ సభలోనైనా సరే, నా భాషని వెంటబెట్టుకునే స్టేజీ ఎక్కుతాను.